చెరకు సీమలో కంప్యూటరు చదువు

నిజామాబాదు పట్టణమునుండి పడమరగా బోధనుకు పోవు త్రోవలో జానకంపేట, ఎడపల్లి దాటిన పిమ్మట శక్కర్‌నగరు వచ్చును. నిజాము పాలనలో 1937లో స్థాపితమైన చక్కెర కర్మాగారము ఇచ్చటనే ఉన్నది. ఒకప్పుడు ఆసియాఖండములోని పెద్ద చక్కెర కర్మాగారములలో దీనిని ఒకటిగా లెక్కించెడివారు. క్రొత్తగా వచ్చినవారు దీనిని చూచి, యంత్రము వచ్చినందుననే ఈ ప్రాంతము చెరకు సీమయైనదని తలచుట కద్దు. కాని జరిగిన వరుస అది కాదు. మొదట వచ్చినది నీరు. మంజీరా నదిపై అచ్చంపేట, బంజేపల్లి గ్రామముల నడుమ 1923లో ఆరంభించి 1931లో ముగించిన నిజాంసాగరు ఆనకట్ట ఈ నేలకు కాలువ నీటిని తెచ్చెను. ఆ పనికి సూత్రధారి ప్రఖ్యాత ఇంజనీరు అలీ నవాజ్ జంగు. కాలువ క్రింద పంట నిలకడగా చేతికివచ్చునను నమ్మకము కుదిరిన పిమ్మటనే, ఆ చెరకును ఆడించుటకు యంత్రము వచ్చెను. అనగా నీరు, పైరు, యంత్రము: ఇదీ వరుస.

ఇదే సీమలోని పాఠశాలలకు కంప్యూటరు వచ్చిన కథలో ఆ వరుస తారుమారైనది. ముందుగా యంత్రము వచ్చెను. దానితో ఏమి నేర్పవలెను, ఎవరు నేర్పవలెను, ఏ భాషలో నేర్పవలెను అను ప్రశ్నలు తరువాత పుట్టెను. కొన్ని ప్రశ్నలకు సమాధానము దొరకక మునుపే యంత్రము పాతబడిపోయెను. ఇట్లు జరిగినది ఇందూరు సీమలో మాత్రమే కాదు; దేశమంతటను, ఆ మాటకు వచ్చిన బయటి దేశములలో కొన్నిటను ఇదే జరిగినది. అయితే చెరకు కథ ప్రక్కనే ఉన్నందున ఇచ్చట ఆ తేడా స్పష్టముగా కానవచ్చును.

ఎన్నుకొను హక్కు ఎవరిది?

అమెరికాలో "పాఠశాల జిల్లా" అనునది ఒక ప్రత్యేకమైన పాలనా విభాగము. సామాన్యముగా దానికి ఒక బోర్డు, సొంత బడ్జెటు ఉండును. రాష్ట్రము విధించిన హద్దులకు లోబడి ఏ పాఠ్యక్రమమును అనుసరించవలెనో, ఏ పుస్తకములను, ఏ యంత్రములను కొనవలెనో, ఏ ఉపాధ్యాయులను నియమించవలెనో ఆ జిల్లాయే నిర్ణయించుకొనును. 2015లో న్యూయార్కు నగరము, పదేండ్ల వ్యవధిలో తన ప్రభుత్వ పాఠశాలలలోని పిల్లలందరికిని కంప్యూటరు శాస్త్రము నేర్పింతునని ప్రకటించెను. ఆ నిర్ణయము నగరమే చేసికొనినది. దాని మంచిచెడ్డలకును ఆ నగరమే జవాబుదారి.

మన వద్ద సంగతి వేరు. ఆంధ్రప్రదేశమున 1959లో పంచాయతీరాజ్యము ఏర్పడినప్పుడు జిల్లా పరిషత్తులు వెలసినవి. పల్లెలలోని ఉన్నత పాఠశాలలు నేటికిని పెక్కు వాటి పేరిటనే నడచుచున్నవి. బోధను, కోటగిరి, వర్ని, రెంజల్ ప్రాంతములలో ఏ ఊరికి పోయినను బడి గోడమీద "జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల" అను మాట కనబడును. బడి పరిషత్తుదే గాని పాఠము పరిషత్తుది కాదు. పాఠ్యపుస్తకము రాజధానిలో తయారగును. యంత్రములకు టెండరు రాజధానిలోనే పిలువబడును. నిధిలో పెద్దపాలు ఢిల్లీనుండి వచ్చును. జిల్లా విద్యాశాఖాధికారి వద్దకు చేరునప్పటికి మిగులునది పంపకము మాత్రమే. ఏ బడికి గది ఉన్నది, ఆ గదికి గట్టి తలుపు ఉన్నదా, కరెంటు మీటరు ఉన్నదా, కిటికీలకు ఊచలున్నవా అను వివరములు జిల్లానుండి పైకి పోవును. ఆ గదిలో పిల్లవాడు ఏమి నేర్చుకొనవలెనను ప్రశ్న మాత్రము జిల్లాను ఎవరును అడుగలేదు.

పాత పాఠము

పాఠ్యవిషయమును, దాని భాషను ఎన్నుకొనుట ఈ సీమలో కంప్యూటరుతో మొదలైన ప్రశ్న కాదు. హైదరాబాదు రాజ్యములో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఏర్పడినప్పుడు ఉన్నతవిద్యను ఉర్దూ భాషలో బోధింపవలెనని నిర్ణయించిరి. ఆ పనికై 1917లోనే దారుల్ తర్జుమా అను అనువాద శాఖను నెలకొల్పిరి. భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము, వైద్యము, ఇంజనీరింగు మొదలగు వాటికి పారిభాషిక పదములను నిర్ణయించుటకు పండితులును శాస్త్రజ్ఞులును కూర్చుండి, ఒక్కొక్క పదమునుగూర్చి వాదించుకొనిరి. పదములు తేలిన పిమ్మట పుస్తకములు, పుస్తకముల వెంట తరగతులు వచ్చినవి.

ఇందూరు పల్లెలోని పిల్లవాని ఇంటిభాష తెలుగు. బోధనుకు పడమటి అంచున, మహారాష్ట్రపు సరిహద్దు దాపున ఉన్న ఊళ్ళలో మరాఠీ కూడ ఇంటిభాషయే. వారికి పై చదువు ఉర్దూలోనే దొరకుట పెద్ద కష్టము. ఆ ఎన్నికలోని అన్యాయమును ఎవరును కాదనలేరు. అయినను పని జరిగిన వరుసను మాత్రము మెచ్చుకొనక తప్పదు. మాట ముందు, పుస్తకము తరువాత, తరగతి ఆ తరువాత. 1948 తరువాత బడులలో తెలుగు మాధ్యమము విస్తరించెను. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాల స్థాయి శాస్త్రగ్రంథములకును, పదకోశములకును పూనుకొనినప్పుడు అదే వరుసను పాటించెను.

హైదరాబాదులో 1967లో స్థాపింపబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను స్వదేశములోనే టి.డి.సి. అను పేరుగల గణకయంత్రములను తయారుచేసెను. అంతకుముందే, 1960 ప్రాంతమున, బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో టిఫ్రాక్ అను యంత్రము పనిచేయుచుండెను. కాన్పూరు ఐ.ఐ.టి.లో 1963లో ఐ.బి.ఎం. 1620 యంత్రము వచ్చినది. కాని ఇవన్నియు పరిశోధనశాలలకు, పెద్ద కార్యాలయములకు సంబంధించినవి. నిజామాబాదు హైదరాబాదునకు రమారమి 175 కిలోమీటర్ల దూరమే అయినను, అచ్చట తయారైన యంత్రములకును ఇచ్చటి బడిపిల్లలకును నడుమ ఏ త్రోవయు ఏర్పడలేదు.

ప్రసారము లేని యంత్రము

బడి పిల్లల ముందుకు కంప్యూటరు వచ్చుట మన దేశములో 1984లో మొదలయ్యెను. కేంద్ర ప్రభుత్వపు ఎలక్ట్రానిక్స్ శాఖ, విద్యాశాఖ కలిసి, ఎన్.సి.ఇ.ఆర్.టి. తోడ్పాటుతో "క్లాస్" అను ప్రణాళికను సుమారు 250 పాఠశాలలలో ఆరంభించినవి. ఆ పాఠశాలలకు పంపిన యంత్రము ఇంగ్లండునుండి వచ్చిన బి.బి.సి. మైక్రో. దాని కథ ఉపాధ్యాయులు తప్పక తెలిసికొనదగినది.

ఇంగ్లండులో బి.బి.సి. ప్రసార సంస్థ ప్రజలకు కంప్యూటరు పరిజ్ఞానము కలిగింపవలెనని 1980 ప్రాంతమున సంకల్పించినది. ముందుగా, సామాన్యునికి ఏమి తెలియవలెనని ఆలోచించిరి. దానికి తగిన టెలివిజను పాఠములను రూపొందించిరి. ఆ పాఠములను ఇంటివద్ద చేసి చూచుటకు ఎట్టి యంత్రము కావలెనో లక్షణములు వ్రాసిరి. ఆ లక్షణములకు సరిపోవు యంత్రమును చేసియిమ్మని తయారీదారులను పిలిచిరి. కేంబ్రిడ్జిలోని ఏకార్న్ అను చిన్న సంస్థ ఆ అవకాశమును దక్కించుకొనెను. యంత్రము 1981 చివర వెలువడెను. 1982 జనవరిలో ప్రసారములు మొదలయ్యెను. ఇదియు నీరు, పైరు, యంత్రము అను వరుసయే.

ఆ యంత్రపు శక్తి నేటి లెక్కలో అత్యల్పము. బి నమూనాలోని జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. నేటి ఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రము కూడ దానిలో పట్టదు. అయితే దానికి ఒక గొప్ప గుణము ఉండెను. మీట నొక్కగనే అది బొమ్మలను చూపదు, ఆటలను చూపదు. "బేసిక్" భాషలో ఆజ్ఞకై ఎదురుచూచుచు ఖాళీ తెరను చూపును. పిల్లవాడు ఏదో ఒక ఆజ్ఞ వ్రాయక తప్పదు. బేసిక్ భాషను 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో కెమెనీ, కుర్ట్జ్ అను ఇద్దరు గణితాచార్యులు, విజ్ఞానశాస్త్రము చదువనివారు కూడ కంప్యూటరును వాడగలుగుటకై రచించిరి.

ఆ యంత్రము మన దేశమునకు వచ్చినప్పుడు యంత్రము మాత్రమే వచ్చెను. దాని వెనుకనున్న ప్రసారములు రాలేదు. వచ్చిన సాఫ్టువేరులో పెక్కుభాగము ఇంగ్లండు పిల్లలకై వ్రాసినది. బడికి ఇద్దరు ముగ్గురు ఉపాధ్యాయులకు కొలదికాలపు శిక్షణ లభించెను. అందుపై వారు ఇంగ్లీషులోని కైపుస్తకమును తెలుగు మాధ్యమపు పిల్లవానికి తమంతట తాము వివరింపవలసి వచ్చెను. తెలుగు లిపిని చూపుటకు ఆ యంత్రములో ఏర్పాటు లేదు. 1986 నాటి జాతీయ విద్యావిధానము బడి దశనుండియే కంప్యూటరు పరిజ్ఞానమును వ్యాప్తి చేయవలెనని చెప్పినది. ప్రణాళిక దేశములో 2,500 పైచిలుకు పాఠశాలలకు విస్తరించెను. 1993లో దానిని సవరించి బి.బి.సి. మైక్రోలకు బదులు పి.సి.లను తీసికొనిరి. అప్పటికి ప్రపంచమున ఎనిమిది బిట్ల యంత్రముల కాలము దాటిపోయి చాల నాళ్ళయినది.

పాఠ్యక్రమమును యంత్రమునకు కట్టివేసినచో యంత్రము పోయిననాడు పాఠ్యక్రమము కూడ పోవును. బేసిక్‌లోని పునరావృత్తి ఆజ్ఞను "ఇన్ని మారులు చేయుము" అను భావముగా నేర్చిన పిల్లవానికి ఆ భావము నేటికిని ఏ భాషలోనైనను పనికివచ్చును. ఏ మీట నొక్కిన ఏమగునని మాత్రమే నేర్చిన పిల్లవాని చదువు మీటలతోనే ముగిసినది.

ఐదేండ్ల గడువు

కేంద్ర ప్రభుత్వము 2004 డిసెంబరులో "ఐ.సి.టి. @ స్కూల్స్" అను పథకమును తెచ్చెను. దాని క్రింద ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2008లో సుమారు 5,000 ఉన్నత పాఠశాలలలో కంప్యూటరు విద్య ఆరంభమయ్యెను. ఇందూరు జిల్లాలోని పల్లెలలో చాలమంది పిల్లలు కంప్యూటరును తాకినది ఈ పథకము వలననే. ఆ మేలును తక్కువ చేయరాదు.

ఏర్పాటు ఈ విధముగా ఉండెను. ప్రైవేటు సంస్థలు యంత్రములను తెచ్చి గదిలో అమర్చవలెను. బోధకులను తామే నియమింపవలెను. ఐదు సంవత్సరములు నడపి, పిదప యంత్రములను బడికి అప్పగింపవలెను. ప్రభుత్వము వాయిదాలలో సొమ్ము చెల్లించును. కాగితముమీద ఇది తెలివైన ఏర్పాటుగనే కనబడును: ఒక్కసారిగా పెద్ద మొత్తము పెట్టనక్కరలేదు, మరమ్మతు భారము బడిపై పడదు. కాని దీనిలో పాఠము ఎవరి చేతిలో ఉన్నదో చూడుడు. బోధకుడు బడి ఉద్యోగి కాడు. గణితము చెప్పు ఉపాధ్యాయునికి ఆ గదితో సంబంధము స్వల్పము. కంప్యూటరు పదవ తరగతి పబ్లిక్ పరీక్షలో మార్కులున్న విషయము కాదు. కావున ఫిబ్రవరి, మార్చి నెలలలో ఆ పీరియడును మొదట కోల్పోవునది కంప్యూటరు గదియే.

గడువు 2013లో ముగిసెను. బోధకులు వెళ్ళిపోయిరి. యంత్రములు బడులకు దక్కినవి. అప్పటికి వాటి వయస్సు ఐదేండ్లు. బాటరీలు ఉబ్బినవి, మౌసులు విరిగినవి, మరమ్మతుకు ప్రత్యేకముగా నిధి లేదు. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడునాటికి పెక్కు బడులలో ఆ గదులకు తాళములు పడియుండెను.

అదే కాలమున శక్కర్‌నగరులో జరిగినదానిని గూడ ఇచ్చట చెప్పవలెను. చక్కెర కర్మాగారమును 2002లో ప్రైవేటు భాగస్వామ్యమునకు అప్పగించిరి. 2015 డిసెంబరులో అది మూతబడెను. దాని కారణములు వేరు, వాదములు పెక్కు. అయినను ఒక సామ్యము కలదు: గానుగ ఎంత పెద్దదైనను దానికి అనుదినము చెరకు అందవలెను, దానిని నడపువాడు ఉండవలెను. లేనిచో అది ఇనుము మాత్రమే.

ఆ ఐదేండ్లలో ఏమి నేర్పిరి? ఎక్కువగా టైపు చేయుట, బొమ్మ గీయుట, ఉత్తరము కూర్చుట, పట్టిక వేయుట. ఒక వ్యాపార సంస్థ సాఫ్టువేరులోని మెనూల పేర్లు పిల్లలు వల్లించిరి. కొత్త కూర్పు వచ్చి ఆ మెనూలు చోటు మారినప్పుడు వల్లించినది వ్యర్థమయ్యెను. ఈ లోపము మన ఒక్కరిది కాదని చెప్పుటకు ఇంగ్లండే సాక్షి. బి.బి.సి. మైక్రో పుట్టిన ఆ దేశముకూడ తరువాతి కాలమున బడులలో ఇట్టి "ఐ.సి.టి." పాఠములకే దిగజారెను. 2012లో రాయల్ సొసైటీ ఒక నివేదికలో ఆ బోధనను తీవ్రముగా విమర్శించినది. 2014 సెప్టెంబరునుండి అచ్చట ఆ విషయమును తొలగించి "కంప్యూటింగ్" అను క్రొత్త విషయమును పెట్టిరి. దానిలో ఐదేండ్ల పిల్లవాడు సహితము అల్గారిథము అనగా ఏమో తెలిసికొనవలెను.

మన పొరుగున కేరళము వేరొక త్రోవ పట్టెను. అచ్చట 2001లో ఆరంభమైన "ఐ.టి. @ స్కూల్" అను ప్రణాళికలో బడిలోని ఉపాధ్యాయులనే ఎన్నుకొని, శిక్షణ యిచ్చి, వారిచేతనే తోటివారికి శిక్షణ యిప్పించిరి. పుస్తకములు మలయాళములోను వెలువడెను. క్రమముగా స్వేచ్ఛా సాఫ్టువేరునకు మారిరి. దానిని ఎవరైనను ఉచితముగా నకలు తీసికొనవచ్చును, లోపల ఎట్లున్నదో విప్పి చూడవచ్చును, తమ భాషలోనికి మార్చుకొనవచ్చును. విషయమునకు పరీక్షలో స్థానము కల్పించిరి. 2017లో ఆ ప్రణాళిక "కైట్" అను సంస్థగా రూపొందెను. యంత్రములు అచ్చటను పాతబడినవి; కాని నేర్పువాడు బడిలోనే ఉండెను.

2008లోనే ఇందూరు సీమకు గోదావరి ఆవలి ఒడ్డున, బాసరలో, రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు ప్రాంగణము వెలసెను. పల్లె బడులలో పదవ తరగతి ఉత్తమముగా ముగించినవారిని చేర్చుకొని ఆరేండ్లు చదివించు సంస్థ ఇది. చేరినవారికి ల్యాప్‌టాప్‌లను సమకూర్చిరి. దీనికి తొలి కులపతి రాజ్ రెడ్డి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, శ్రీకాళహస్తిలో బడి చదువు చదివి, 1994లో కంప్యూటరు శాస్త్రమునకు ఇచ్చు టూరింగు పురస్కారమును పొందినవాడు. నదికి ఒక ఒడ్డున ల్యాప్‌టాప్, మరియొక ఒడ్డున వారమునకొక పీరియడు! రెండింటిని కలుపు పాఠ్యక్రమము ఉండినచో బాసరలో అడుగిడిన తొలి నెలలు అచ్చటి పిల్లలకు ఎంత తేలికగా గడిచియుండెడివో.

నాలుగు భాషల బడి

బోధను పట్టణములో తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మాధ్యమముల బడులున్నవి; సరిహద్దున మరాఠీ వాడుక ఉన్నది. నిజాంసాగరు కాలువల క్రింద భూములు కొనుక్కొని కోస్తా జిల్లాలనుండి తరలివచ్చిన కుటుంబములవారి "క్యాంపు" గ్రామములలో తెలుగే మరియొక యాసలో వినబడును. ఇట్టిచోట రాజధానిలో అచ్చయిన ఒకే కైపుస్తకము అందరికిని సరిపోవుననుకొనుట పొరపాటు.

భాషకు సంబంధించిన యంత్రపు అడ్డంకి నిజమునకు ఎప్పుడో తొలగెను. భారతీయ లిపులకై ఇస్కీ ప్రమాణము 1991లో స్థిరపడెను. అదే సంవత్సరము వెలువడిన యూనికోడు మొదటి కూర్పులోనే తెలుగు అక్షరములకు చోటు దొరికెను. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ తెలుగును చూపగలిగెను. లినక్సులోను తెలుగు నిలదొక్కుకొనెను. కావున 2008 నాటికి తెలుగులో పాఠము చెప్పుటకు యంత్రము అడ్డు కాదు. అడ్డైనది పుస్తకము లేకుండుట. దారుల్ తర్జుమాలో పదములకై వాదించుకొనిన పండితులవంటివారు ఈ విషయమునకు కూర్చుండలేదు.

యంత్రము లేని పాఠము

కంప్యూటరు శాస్త్రమునకు కంప్యూటరు గది తప్పనిసరియా? న్యూజీలాండులో టిమ్ బెల్, ఇయన్ విటన్, వారితోపాటు మైకేల్ ఫెలోస్ అను ముగ్గురు ఆచార్యులు 1998లో, యంత్రమును ముట్టకుండ చీటీలతో, సున్నపు గీతలతో, త్రాసులతో ఈ శాస్త్రమును నేర్పు పుస్తకమును తెచ్చిరి. తాళము పడిన గదులుగల సీమకు ఇది గొప్ప ఊరట. దాని పద్ధతిని చెరకు సీమకు మార్చి చూతము.

చెరకును కోసిన పిమ్మట నిలువ ఉంచరాదు. కోసిన గడలో ఇన్వర్టేజు అను ఎంజైము సుక్రోజును గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొట్టును. ఇవి స్ఫటికమై చక్కెరగా దక్కవు. అందుచేత కోసిన 24 గంటలలోపల ఆడించుట మేలు. కాని కర్మాగారము రోజునకు ఇన్ని టన్నులే ఆడింపగలదు. వేలమంది రైతులు ఒక్కనాడే కోసినచో బండ్లు ద్వారమువద్ద ఎండుచుండును. కావున ఎవరు ఏనాడు కోయవలెనో కర్మాగారము పర్మిటు ఇచ్చును. ఏ నియమముతో? ముదిరిన తోట ముందు. మొక్క తోటకంటె, నరికిన మోడునుండి మరల పెరిగిన కార్శి తోట త్వరగా ముదురును. నిప్పంటుకొని కాలిన తోట అన్నిటికంటె ముందు. దానికి వరుస లేదు. ఆనాటి మొత్తము యంత్రశక్తిని మించరాదు.

ఉపాధ్యాయుడు ఇరువది చీటీలపై ఇరువదిమంది రైతుల వివరములు వ్రాసి, నాటిన తేది, తోట రకము, టన్నులు చూపి పిల్లల చేతికి ఇచ్చినచో, వారు ఆ నియమములను వరుసగా వ్రాయగలరు. అదే అల్గారిథము. "కాలినచో" అను షరతు, "యంత్రశక్తి నిండువరకు" అను పునరావృత్తి, తేదులనుబట్టి పేర్చుట, అన్నియు అందులోనే ఉన్నవి. ఇద్దరు పిల్లలు ఒకే చీటీలతో వేరువేరు వరుసలు తెచ్చినప్పుడు నియమములో ఎచ్చట అస్పష్టత ఉన్నదో తరగతియే కనుగొనును. ప్రోగ్రాములు వ్రాయువారి రోజువారీ పని ఇదియే.

మరియొకటి. రైతుల పట్టికలో 1,000 పేర్లు అకారాది క్రమములో ఉన్నవనుకొందము. ఒక పేరును వెదకుటకు మొదటినుండి చూచుచు పోయినచో 1,000 పేర్లు చూడవలసి రావచ్చును. నడిమి పేరు తీసి, కావలసినది దానికి ముందా వెనుకనా అని అడిగినచో ఒక్క దెబ్బకు సగము తొలగును. 500, 250, 125 అట్లు తగ్గుచు పది ప్రశ్నలలో పేరు దొరకితీరును; ఏలయన రెండును పదిమార్లు హెచ్చించిన 1,024 వచ్చును. పట్టిక 2,000 పేర్లకు పెరిగినను అదనముగా కావలసినది ఒక్క ప్రశ్నయే. తొమ్మిదవ తరగతి విద్యార్థి ఘాతాంకములను లెక్కల పీరియడులో ఎటులను చదువును. ఈ పాఠమునకు గణితోపాధ్యాయుడే చాలును.

ఐదు అట్టముక్కలపై 1, 2, 4, 8, 16 చుక్కలు పెట్టి, తిప్పిన ముక్క సున్న, తెరచిన ముక్క ఒకటి అనుకొన్న ద్విసంఖ్యామానము అరగంటలో వచ్చును. 19 అనగా 16, 2, 1, కావున 10011.

ఈ పాఠములన్నిటికిని అయిన ఖర్చు అట్టముక్కల వెల. యంత్రము అక్కరలేదని దీని అర్థము కాదు. తన ఆజ్ఞ ప్రకారము యంత్రము నడచుటను, తన తప్పును అది నిర్దాక్షిణ్యముగా పట్టి చూపుటను పిల్లవాడు ఒకనాటికైనను అనుభవింపవలెను. అందుకు 2007లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థవారు వెలువరించిన స్క్రాచ్ వంటి ఉచిత సాధనములున్నవి. అయితే ఏమి నేర్పవలెనో తెలిసిన బడి, తనకు ఎన్ని యంత్రములు, ఎట్టివి కావలెనో చెప్పగలదు. తెలియని బడికి ఏది పంపినను ఒకటే.

యార్డులోని తెర

2016 ఏప్రిల్ 14న దేశములో 21 మార్కెట్లతో "ఇ-నామ్" అను జాతీయ ఎలక్ట్రానిక్ వ్యవసాయ విపణి ఆరంభమయ్యెను. ఆ తొలి మార్కెట్లలో నిజామాబాదు యార్డు ఒకటి. ఇచ్చట పసుపు రాసికి ఒక సంఖ్య పడును. వ్యాపారులు ధరలను కంప్యూటరు ద్వారా పంపుదురు. అన్నిటికంటె పెద్ద ధరను యంత్రము తేల్చి చూపును. ఈ పనికి 2017లో జిల్లాకు ప్రధానమంత్రి పురస్కారము లభించెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము మాధ్యమిక దశనుండియే గణనాత్మక ఆలోచనను, కోడింగును నేర్పవలెనని చెప్పుటకు నాలుగేండ్ల ముందే, పిల్లల తండ్రులు ఒక అల్గారిథము తేల్చిన ధరకు సరుకు అమ్ముకొనుట ఆరంభించిరన్నమాట.

ఒక రాసికి 40 ధరలు వచ్చినవనుకొందము. మొదటి ధరను చేతపట్టుకొని, తక్కినవాటితో ఒక్కొక్కదానిని పోల్చి, పెద్దది కనబడినప్పుడెల్ల చేతిలోనిదానిని మార్చుకొనినచో 39 పోలికలలో అత్యధిక ధర తేలును. రెండు ధరలు సమానమైనచో ఏది గెలువవలెను? ఆ నియమమును ఎవరో ఒకరు ముందుగా వ్రాసియుండవలెను. పసుపు రైతు కుమార్తె తరగతిలో అడుగదగిన ప్రశ్న ఇది.

2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు కార్యాలయము నిజామాబాదులో ఆరంభమయ్యెను. క్రొత్త పసుపు యార్డునకు అధికముగా వచ్చునది ఆ నెల తరువాతనే. పదవ తరగతి పరీక్షలకై కంప్యూటరు పీరియడును లెక్కలకో, ఇంగ్లీషుకో ఇచ్చివేయు కాలమును అదే.